గీత తర్వాతి ఖాళీ

"నా బ్యాడ్జీ ఇవ్వండి."

ఎలాదియో తలెత్తాడు. పసుపుపచ్చ రెయిన్‌కోటు, దాని అంచుల నుంచి కారుతున్న నీళ్లు, టోపీ నీడలో రెండు కోపపు కళ్లు.

"పేరు చెప్పండి, సెన్యొరీతా."

"జాబితాలో లేదు. చూశాను. తీసేసినవాళ్లకే తెలియాలి."

"పేరు చెప్పకపోతే నేనెలా వెతకను?"

"వెతకడమేగా మీ ఉద్యోగం?"

అతను లేచి నిలబడేలోపే ఆమె పొగమంచులోకి నడిచి మాయమైపోయింది. బల్ల ముందు నీటి మడుగు ఒక్కటే మిగిలింది.

ఎరేదియా పైకొండల్లో అక్టోబరంటే ఇంతే. పొద్దున్నే మంచు సెమినరీ వరండాలోకి ఎక్కి, సాయంత్రం దాకా దిగదు. క్రైస్తవ వేదాంత గ్రంథాలయాల సంఘం వార్షిక సమావేశం ఈసారి ఇక్కడ. నలభై గ్రంథాలయాల ఉమ్మడి క్యాటలాగ్ ఎలాదియో చేతిలో ఉంటుంది. బ్యాడ్జీల బల్ల కూడా అతనికే అంటగట్టారు.

"ఎవరా పిల్ల?" దోన్యా ఒదీలియే వేడి బెల్లం నీళ్ల గ్లాసు అతని ముందు పెట్టింది. సంఘానికి ఇరవై ఏళ్లుగా ఆవిడే కార్యదర్శి.

"తెలీదు. తిట్టి వెళ్లింది."

"పోన్లే, బతికున్న ఆడపిల్ల నీతో మాట్లాడింది. అదే పదివేలు."

ఎలాదియో నవ్వలేదు. ఆవిడ నాలుక కరుచుకుంది.

శాన్ రామోన్ గ్రంథాలయంలో పనిచేసే దెల్ఫీనా ఉరేన్యాను అతనెప్పుడూ చూడలేదు. అరువు పుస్తకాలతో పాటు వెళ్లొచ్చే చీటీల మీదే రెండేళ్లు పరిచయం. చీటీ అడుగున 'గమనిక' అని ఒక గీత ఉంటుంది. 'నలభయ్యో పేజీలో చీమ చచ్చిపోయి ఉంది, మీదా మాదా?' అని ఆమె ఆకుపచ్చ సిరాతో రాసింది. 'మాదే, అంత్యక్రియలు మీరే జరిపించండి' అని అతను రాశాడు. అలా మొదలైంది. ఈ ఏడు సమావేశంలో కలుద్దామని ఫిబ్రవరి చీటీలో రాసి పంపాడు.

మార్చిలో కబురొచ్చింది. శాన్ రామోన్ దెల్ఫీనా ఉరేన్యా ఇక లేరు.

క్యాటలాగ్‌లో, గ్రంథాలయ సిబ్బందితో సహా, ప్రతి మనిషికీ పుట్టిన సంవత్సరం, పక్కన చిన్న గీత. గీత తర్వాత ఖాళీ ఉంటే బతికున్నట్టు. ఆమె పేరు తెరిచాడు. 1943. గీత. ఖాళీ.

అంటే తను రెండేళ్లుగా ప్రేమించింది ఎనభై ఏళ్ల ముసలావిడనా?

అయినా కన్నీళ్లు ఆగలేదు. ఆ ఖాళీలో 2024 అని తన చేత్తోనే వేశాడు. తర్వాత శాన్ రామోన్ నుంచి ఒక్క చీటీ కూడా రాలేదు. ఎలా వస్తుంది?

మధ్యాహ్నం మూడింటికి ప్రార్థనాలయంలో ఆ ఏడు పోయినవారి స్మరణ. ముందువరసలో ఐదు ఖాళీ కుర్చీలు, ఒక్కోదానికి నల్ల రిబ్బన్‌తో కట్టిన బ్యాడ్జీ. పేరు చదివితే, పోయినవారి తరఫున అందరూ "ప్రెసెంతే!" అని గట్టిగా పలకాలి. ఉన్నాను, ఇక్కడే ఉన్నాను అని.

రెండున్నరకు ఎలాదియో కుర్చీలు సరిచూడబోయి ఆగిపోయాడు.

దెల్ఫీనా పేరిట పెట్టిన ఐదో కుర్చీకి రిబ్బన్ ఉంది. బ్యాడ్జీ లేదు.

కుర్చీ తడిగా ఉంది. మీద ఒక పుస్తకం. ఫిబ్రవరిలో తను శాన్ రామోన్‌కు పంపిందే. అట్ట తెరిచాడు. చీటీ మీద ఆకుపచ్చ సిరా:

'మార్చి నుంచి మీ జాడ లేదు. నేను చేసిన తప్పేమిటి?'

కింద తేదీ. నిన్నటిది.

"దోన్యా ఒదీలియే!"

ఆవిడ వచ్చి చూసి శిలువ గుర్తు వేసుకుంది. "నువ్వు చదవకు నాయనా. నేను చదువుతా."

"లేదు. ఆమె పేరు నేనే చదవాలి."

హాలు నిండింది. కిటికీల బయట తెల్లటి చీకటి. నాలుగు పేర్లు చదివాడు. నాలుగుసార్లు హాలంతా ఒక్క గొంతుతో "ప్రెసెంతే!" అంది.

"దెల్ఫీనా..." కాగితాన్ని దగ్గరకు తీసుకున్నాడు. "దెల్ఫీనా ఉరేన్యా."

హాలు నోరు తెరిచేలోపే ఒక గొంతు పలికింది. చాలా దగ్గర్నుంచి. మెల్లగా.

"ప్రెసెంతే."

ఎలాదియో ఐదో కుర్చీ వైపు తిరిగాడు. ఆ మరుక్షణమే వెనక తలుపు దగ్గర్నుంచి, గట్టిగా:

"ప్రెసెంతే!"

అందరూ వెనక్కి తిరిగారు. గుమ్మంలో పసుపుపచ్చ రెయిన్‌కోటు. గుండెల మీద, పోయిన బ్యాడ్జీ.

"నన్ను చంపిందెవరో చెప్తారా?" అంటూ ఆమె నడవ మధ్యలోంచి వచ్చింది. "మార్చి నుంచి పుస్తకం అడుగుదామంటే ఖాతా మూసేశారు. మూడు ఉత్తరాలు రాశాను. చనిపోయినవారి ఖాతా తెరవడం కుదరదని మూడుసార్లూ కంప్యూటర్ జవాబే!"

ఎలాదియో చెయ్యెత్తాడు. "నేనే."

ఆమె ఆగింది. "మీరు... ఎలాదియోనా?"

"మీరు 1943లో పుట్టలేదా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆమెకు అప్పుడర్థమైంది. "అది మా తాతయ్య చెల్లెలు, మార్చిలో పోయింది ఆవిడే. నాకు ఆవిడ పేరే పెట్టారు. ఆవిడ రిటైరయ్యాక ఆ కుర్చీలోనే నేను చేరాను. మీరు ఇద్దర్నీ ఒక్కటి చేసేశారు."

ఒకే పేరు, ఒకే ఊరు, ఒకే గ్రంథాలయం. ఇలాంటిచోట ఇద్దరా ఒక్కరా అని చూడమని కొత్తవాళ్లకు అతను ఏటా పాఠం చెబుతాడు.

సభ ముగిశాక కంప్యూటర్ ముందు కూర్చుని ఒక పేరును రెండు చేశాడు. కొత్తదానికి 1996, ఒక గీత, ఖాళీ. ఆమె వెనక నిలబడి చూసింది.

"అయితే నేను ఎనభై ఏళ్లావిడనని నమ్మారు."

"నమ్మాను."

"పీడ వదిలిందనుకున్నారా?"

"ఏడ్చాను."

"ముసలావిడ కోసమా?"

"ఆ చీటీలు రాసిన మనిషి కోసం. వయసు తర్వాత తెలిసింది. అప్పటికే ఆలస్యమైపోయింది."

ఆమె తెర మీది కొత్త గీతను వేలితో తాకింది. తర్వాత నవ్వుతూ అంది, "నన్ను మళ్లీ చంపితే ఊరుకోను."

"ఆ ఖాళీ జోలికి నేను చచ్చినా వెళ్లను." ఎలాదియో నవ్వాడు. "కానీ ఇంత భయపెట్టాలా? కుర్చీ దగ్గర నక్కి ఒకసారి, గుమ్మంలోంచి ఒకసారి. రెండుసార్లెందుకు పలికారు?"

ఆమె నవ్వు ఆగిపోయింది.

"నేను పలికింది ఒక్కసారే. మొదటిది దూరం నుంచి సరిగ్గా వినబడక, ఎవరో వేళాకోళానికి పలికారనుకున్నాను. అందుకే అంత గట్టిగా అరిచాను."

ఇద్దరూ ప్రార్థనాలయంలోకి వెళ్లారు. ఎవరూ లేరు. మంచు గుమ్మం దాటి ముందువరస దాకా వచ్చింది. ఐదో కుర్చీ మాత్రం పొడిగా ఉంది, ఇంతసేపూ అందులో ఎవరో కూర్చున్నట్టు.

"ఆ గొంతు ఎలా ఉంది?" ఆమె గుసగుసగా అడిగింది.

"బొంగురుగా. నవ్వు ఆపుకుంటున్నట్టు."

దెల్ఫీనా కళ్లు నిండాయి. బ్యాడ్జీ తీసి, కుర్చీకి ఉన్న నల్ల రిబ్బన్‌కు జాగ్రత్తగా కట్టింది. చల్లబడిన చేత్తో అతని చెయ్యి పట్టుకుంది.

"అయితే పెద్ద దెల్ఫీనా మిమ్మల్ని చూసేసింది. నచ్చనివాళ్ల ముందు ఆవిడ నవ్వదు."