గాలున్న బావి

పాడుబావి గట్టు మీద వెస్లీ శవం. పందొమ్మిదేళ్ల కుర్రాడు. ఒంటి మీద గాయం లేదు. పైకి లాగిన తాడు ఇంకా నడుముకే ఉంది.

ఎన్.ఎస్.ఎస్. క్యాంపు కోసం ఝరాసంగం అవతలి ఈ ఊరికి వచ్చిన విద్యార్థులు బావిలో పూడిక తీయబోయారు. మొదట దిగినవాడు వెస్లీ.

ఎస్సై మహేశ్వరి జీపు దిగేసరికి ఊరు తీర్పు చెప్పేసింది. మణెమ్మ బాణామతి చేసింది, చచ్చిన ఆమె కొడుకు దయ్యమై పిల్లవాణ్ణి బావిలోకి గుంజాడు. జనం మధ్య నిలబడ్డ ముసలి మణెమ్మ కొంగు చిరిగిపోయి ఉంది. మహేశ్వరికి ఒళ్లు మండింది.

"ఎవలన్న చెయ్యేస్తే లోపలేస్త," అని మణెమ్మను తన పక్కకు లాక్కుంది.

"గట్టు మీద నిమ్మకాయలు నువ్వే పెట్టినవా, అవ్వా?"

"నేనే. అమాస అమాసకు పెడ్త. నా సదాశివ గీ బావిలనే సచ్చిండు. పూడిక తీయ దిగి."

"తర్వాత?"

"వాణ్ని తీయ దిగిన బస్వరాజ్ గూడ సచ్చిండు. నా కొడుకే గుంజిండంటరు."

"ఈ పిల్లగానికి ఏం చెప్పినవ్?"

"గాలున్నది బిడ్డా, దిగకు అని చెప్పిన. నవ్విండు."

మహేశ్వరి వెస్లీ స్నేహితుడు రాకేశ్ వైపు తిరిగింది.

"దిగే ముందు ఏం చేసిన్రు?"

"చీకటుందని కందిలి దించినం మేడం. సగంల ఆరింది. మల్ల అంటించి దించినం. మల్ల ఆడనే ఆరింది."

"అప్పుడు?"

"దయ్యం ఊదిందని మజాక్ చేసిన." అతను గట్టు మీది కందిలిని చూపించాడు. "దయ్యం లేదని చూపిస్తనని దిగిండు."

మహేశ్వరి కందిలిని ఊపి చూసింది. నూనె ఉంది. గాజు పగల్లేదు. వెలిగించి, అందరూ చూస్తుండగా దించింది. సగం లోతులో ఆరిపోయింది. జనం వెనక్కి జరిగారు.

"గాజుండంగ ఎవలు ఊదుతరు?"

ఆమె జనం వైపు తిరిగింది.

"మంటకు మంచి గాలి కావాలె. మనిషికీ అదే కావాలె. ఏండ్ల సంది పాడుబడ్డ బావి, కింద చెడ్డ గాలి నిండింది. పోస్టుమార్టంల గూడ గదే తేలుతది. అవ్వ చెప్పింది నిజమే, గాలున్నది. గాలంటే దయ్యమని మీరు భయపడ్డరు. గాలంటే దయ్యమని వీళ్లు నవ్విన్రు."

రాకేశ్ నేల మీద కూలబడి ఏడ్చాడు.

మణెమ్మ మహేశ్వరి చెయ్యి పట్టుకుంది. "అంటే బిడ్డా, నా కొడుకు ఎవ్వల్ని గుంజలేదా?"

"లేదవ్వా. నీ కొడుకు గూడ గట్లనే పోయిండు."

ముసలామె చెయ్యి వదిలింది. తర్వాత వెళ్లి వెస్లీ తల దగ్గర కూర్చుంది. చిరిగిన కొంగుతో అతని ముఖం మీది మట్టి తుడిచింది.

"నా కొడుకు నిన్నేమనలేదు బిడ్డా," అంది.