తాతగారి రెండో కాలు

"అమ్మాయ్, నాకు రెండో కాలు మొలిపించింది నువ్వేనా?"

ఆసుపత్రి రికార్డుల గది కౌంటర్ ముందు ఊతకర్రల మీద నిలబడ్డ తాతగారు అడిగారు. ఆయన ఎడమ కాలు మోకాలి కిందనుంచి లేదు. ఆ గదిలో కూర్చుని, డాక్టర్లు రికార్డు చేసి పంపిన మాటలు విని రిపోర్టులుగా టైపు చేయడం ఆమె పని. హెడ్‌ఫోన్స్ మెడలోకి జార్చి, ఆయన చేతిలో కాగితం అందుకుంది.

కాలు తీసేసిన చోట గాయం మానిందని పై వరుసలో ఉంది. కింద "రెండు పాదాలూ ఆరోగ్యంగా ఉన్నాయి, నడక నిలకడగా ఉంది" అని ఉంది.

"నవ్వుకుని ఊరుకునేవాణ్ణే తల్లీ. పెట్టుడు కాలికి దరఖాస్తు పెడితే, రెండూ బాగానే ఉన్నాయిగా అని తిప్పికొట్టారు. లేని కాలు ఎదురుగా చూపించాను. అయినా కాగితంలో ఉంది కదండీ అన్నారు!"

"క్షమించండి తాతగారూ. ఇవాళే సరి చేయిస్తాను. కూర్చోండి."

ఆయన బెంచీ మీద సర్దుకున్నారో లేదో, అదే రిపోర్టు కాపీతో ఒకతను ధడాలున తలుపు తోసుకొచ్చాడు.

"ఈ రిపోర్టు టైపు చేసిందెవరు?"

మనిషిని ఎప్పుడూ చూడలేదు గానీ గొంతు చటుక్కున పోల్చుకుంది. ఐదు నెలలుగా రోజూ చెవుల్లో మోగుతున్న గొంతు! ఎవరో తరుముతున్నట్టు మాట్లాడతాడని స్టాఫంతా 'ఎక్స్‌ప్రెస్' అని పిలిచే కుర్ర డాక్టరు. ఎదురుగా చూస్తే, గొంతుకున్నంత వయసు కూడా మొహానికి లేదు. పైగా అందంగా ఉన్నాడు. తిట్టడానికి వచ్చినవాడు అందంగా ఉండటం ఎంత అన్యాయం!

"నేనేనండీ."

"ఒంటికాలి మనిషికి రెండు పాదాలా? కళ్లు మూసుకుని టైపు చేస్తారా?"

"మీరు కళ్లు మూసుకునే సంతకం పెట్టారుగా, డాక్టర్‌గారూ!"

తాతగారు బెంచీ మీద ముందుకు జరిగారు. ఆయనకి మంచి కాలక్షేపం దొరికింది.

"'మిగతాదంతా మామూలే' అంటారు రోజుకి ముప్పైసార్లు. అన్నప్పుడల్లా రెండు పాదాలూ ఆరోగ్యమనే ఆ పేరా మొత్తం టైపు చేస్తూ కూర్చుంటే తెల్లారుతుంది. అందుకే షార్ట్‌కట్ పెట్టుకున్నాను. రెండు అక్షరాలు కొడితే పేరా అంతా వచ్చి పడుతుంది. మీరు అన్నారు, నేను కొట్టాను."

"ఈయన విషయంలో కూడా అన్నానా?"

"అనే ఉంటారు!"

"సరే, విని చూస్తాను," అని విసురుగా వెళ్లిపోయాడు.

ఆమె కూడా హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. మాటలు వెనక్కి తిప్పే పెడల్ కాలితో నొక్కి, తాతగారి రికార్డింగ్ మొదటినుంచీ విన్నది. గాయం మానిందన్నాడు. మధ్యలో ఫోన్ మోగింది. "సరే, అంతే," అని ఆపేశాడు.

మామూలే అన్న మాటే లేదు.

పెడల్ మళ్లీ నొక్కింది. లేదు. అలవాటుకొద్దీ ఆమె వేళ్లే ఆ రెండక్షరాలూ కొట్టేశాయి. శుక్రవారం ఆమె ఉద్యోగం పర్మనెంట్ అవ్వాలి. అమ్మ అప్పుడే ఇరుగుపొరుగుకి చెప్పేసింది కూడా. నోరు మూసుకుంటే ఈ రికార్డింగ్ మళ్లీ ఎవరు వింటారు?

బెంచీ మీద తాతగారు ఊతకర్ర రబ్బరు బిళ్ల సర్దుకుంటున్నారు. ఆమె లేచింది.

ఆసుపత్రి సూపరింటెండెంట్ పెద్ద మేడమ్ గది గుమ్మం దగ్గరే ఆ గొంతు వినపడింది.

"తప్పు నాదే మేడమ్. మామూలే అన్నాను, ఆ అమ్మాయి టైపు చేసింది. మీరన్నట్టు శుక్రవారం ఆమె పర్మనెంట్ ఆపకండి."

ఆమె లోపలికి వెళ్లి రికార్డింగ్ పెట్టి వినిపించింది.

"డాక్టర్‌గారు అనలేదు మేడమ్. తప్పు నాది."

అతని మొహం చెవులదాకా ఎర్రబడింది. మేడమ్ కళ్లజోడు తీసి ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది.

"నాదంటే నాదని కొట్టుకునేవాళ్లని నా సర్వీసులో ఇదే చూడ్డం! నీ పర్మనెంట్ మూడు నెలలు ఆగుతుందమ్మా. ఆ షార్ట్‌కట్లు ఇవాళే తీసెయ్. డాక్టర్, ఇక చదవకుండా సంతకం పెట్టారో, ఊరుకోను. ముందు ఆ పెద్దాయన పని చూడండి."

రిపోర్టు కొత్తగా తయారైంది. ఈసారి అతను అక్షరం అక్షరం చదివి సంతకం పెట్టాడు. పెట్టుడు కాళ్ల ఆఫీసుకి తనే ఫోన్ చేసి, నిదానంగా, తప్పు తమదేనని ఒప్పుకున్నాడు. ఎల్లుండే కొలతలకి రమ్మన్నారు. తాతగారు ఇద్దర్నీ ఎగాదిగా చూసి, ముసిముసిగా నవ్వుకుంటూ ఆటో ఎక్కారు.

ఆటో మలుపు తిరిగిందో లేదో వాన అందుకుంది. వరండాలో ఇద్దరే మిగిలారు.

"రికార్డింగ్ మీరు వినలేదా?" అడిగింది.

"విన్నాను."

"మరి అబద్ధమెందుకు చెప్పారు? మీ అబద్ధంతో వచ్చే ఉద్యోగం నాకొద్దు!"

"తప్పే. ఇంకెప్పుడూ చెప్పను." జల్లు తగలకుండా ఇటు జరిగాడు. "మీరు రిపోర్టులకి చీటీలు అంటించేవారు. 'డాక్టర్‌గారూ, ఇక్కడ బిస్కెట్ నమిలారు, మందు పేరు మళ్లీ చెప్పండి' అని. రిపోర్టులు చదవలేదు గానీ ఆ చీటీలు ఒక్కటీ వదల్లేదు. కొన్నిసార్లు వాటికోసమే నమిలాను."

నవ్వు ఆపుకోవడానికి ఆమె పెదవి కొరుక్కుంది. ఆగలేదు.

"మీరంటే నాకు చాలా ఇష్టం," అన్నాడు. ఎక్స్‌ప్రెస్ డాక్టరు అంత మెల్లగా మాట్లాడటం ఆమె ఎన్నడూ వినలేదు.

"మూడు నెలలు ఆగండి," అంది. "నా ఉద్యోగం నా కష్టంతో పర్మనెంట్ అవ్వాలి. అప్పుడు ఇంటికొచ్చి మా అమ్మని అడగండి."

"మూడు నెలలయ్యాక మీరు ఒప్పుకోకపోతే?"

"నన్నెవరు అడగమన్నారు? నేను ఒప్పేసుకున్నాను. అడగమంది అమ్మని!"