చెంగలి చేట, వెలుగురాయి

పొద్దుపొడుపు రాజ్యంలో యువరాజు ఉదయసేనుడి గుండె తాళం తప్పింది. ఒకసారి బెదిరిన గుర్రంలా పరుగెత్తేది, మరోసారి మొండి ఎద్దులా కూలబడేది. వైద్యుల మందులేవీ పనిచేయలేదు. తూర్పు అడవిలో రాక్షసుడు దాచిన వెలుగురాయి తెస్తేనే బతుకుతాడని ఒక ముని చెప్పాడు. సైనికులు జంకారు. చిన్నప్పుడు యువరాజుతో గాలిపటాలెగరేసిన చెంగలి మాత్రం బయలుదేరింది.

ఆమె తల్లి కనకమ్మ కోటలో వడ్లు చెరుగుతుంది. "పాము కరిస్తే? జారిపడితే? జలుబు చేస్తే?" అంటూ పొలిమేర దాకా వచ్చింది. "ఈ చేటైనా పట్టుకెళ్లవే. వానొస్తే తలమీద పెట్టుకో."

"చేట పట్టుకుని రాక్షసుడి మీదికి వెళ్లేది నేనొక్కదాన్నేనేమో అమ్మా," అని చెంగలి నవ్వుతూనే తీసుకుంది. పిల్లలూ, అమ్మ ఏదిచ్చినా వద్దనకండి.

అడవిలో ఏరు అడ్డొచ్చింది. ముసలి తాబేలొకటి సంగతంతా విని ఆమెను వీపున దాటించింది.

"రాయి ఒక్కటే తెచ్చి ఏం లాభం? గుండెకు కళ్లు లేవుగా," అంది తాబేలు. "నా వీపుమీది పాచి చూడు, పొద్దు ఎటుంటే అటే తిరుగుతుంది. దీని రసం తాగిస్తే గుండెకు వెలుగు కనబడుతుంది."

చెంగలి పాచి గోకి కొంగున కట్టుకుంది.

"ఇంకాస్త ఎడమవైపు గోకమ్మా, దురదగా ఉంది," అంది తాబేలు.

గుహలో ఎర్రటి కళ్ల రాక్షసుడు గర్జించాడు. చెంగలి చేట చాటున నక్కింది. అయినా ఆ కళ్లు చూస్తే జాలేసింది. "నిద్రపోయి ఎన్నాళ్లైంది మామా?"

రాక్షసుడి గొంతు తగ్గింది. "ఈ రాయి దొంగిలించినప్పటి నుంచీ కళ్లలోనే వెలుగు. కునుకు లేదు తల్లీ."

చెంగలి రాయిమీద చేట బోర్లించింది. గుహ చీకటైంది. రాక్షసుడు హాయిగా ఆవులించాడు. "దాన్ని పట్టుకుపో. వెళ్తూ తలుపు చేరవెయ్యి," అని గురకపెట్టాడు.

యువరాజు పాచిరసం తాగాడు. వెలుగురాయి ఎదుట పెట్టగానే గుండె వెలుగును చూసింది. కానీ ఎడతెగని ఆ వెలుగుకు మరింత బెదిరి పరుగెత్తింది. అతని పెదాలు నల్లబడ్డాయి. చెంగలి గబుక్కున చేట అడ్డం పెట్టింది. పరుగు ఆగింది. చేట తీస్తే గుండె ఒక్కసారి కొట్టుకుంది.

అప్పుడు తెలిసిందామెకు. అమ్మ వడ్లు చెరిగే వరసలోనే చేట ఎత్తుతూ దించుతూ కూర్చుంది. వెలుగు, నీడ, వెలుగు, నీడ. గుండె ఆ వెలుగు వెంట నడిచింది. సాయంత్రం చేట ఆపినా తాళం తప్పలేదు.

యువరాజు కళ్లు తెరిచి, "గాలిపటాలెగరేద్దామా?" అన్నాడు.

కొన్నాళ్లకు చెంగలి, యువరాజుల పెళ్లి ఊరేగింపు కదిలేవేళ కనకమ్మ మర్యాద కూడా మరచి అల్లుడి గుండెకు చెవి ఆనించింది. ఆమె ముఖం చేటంత అయింది. అంతలోనే మబ్బుకేసి చూసింది.

"బాబూ, ఈ చేట దగ్గరుంచుకోండి. వానొచ్చేట్టుంది."

"ఇవ్వండి అత్తయ్యా," అని కాబోయే మహారాజు దాన్ని కిరీటం మీద పెట్టుకున్నాడు.