పట్టీకి పట్టని పేర్లు

"కుడి చెయ్యి పైకి, ఎడమ కాలు పక్కకి. ఇందాక చెప్పిన అయిదు కూరగాయలూ వెనకనుంచి చెప్పండి," అంది తెరమీంచి డాక్టర్ నిరుపమ.

కాకినాడలో త్రిపురమ్మ చెయ్యెత్తింది. దొండకాయ దాకా వచ్చి ఆగిపోయింది. నుదుటి పట్టీమీద ఎర్రదీపం వెలిగింది.

"త్రిపురమ్మగారిని బజారుకి పంపితే ఇంటిల్లిపాదికీ దొండకాయే," అన్నారు అదే తరగతిలో ఉన్న జిలానీ మాస్టారు. అందరితోపాటు ఆమె కూడా నవ్వింది.

ఆ పట్టీ సంగతి చెప్పాలి. డెబ్బై దాటినవాళ్లందరికీ ఆ ఊళ్లో ఇచ్చారు. ఒళ్లూ బుర్రా కలిసి పనిచేసేటప్పుడు మెదడులో పుట్టే తరంగాల్ని దాని సెన్సర్లు చదువుతాయి. వారానికో స్కోరు. అరవై దాటకపోతే ఇంట్లో పొయ్యి వెలగదు. దాటినా సరే, వండుతున్నంతసేపూ పట్టీ తలకుండాలి; మధ్యలో ఎర్రదీపం వెలిగితే పొయ్యి ఆరిపోతుంది. మతిమరుపువల్ల ఇళ్లు అంటుకోకూడదని పెట్టిన నియమం.

త్రిపురమ్మ స్కోరు నలభై ఎనిమిది. మూడు వారాలుగా క్యారేజీ భోజనం. దాన్ని ఆమె ఓర్చుకుంది. కానీ నలభై రోజుల్లో అత్తగారి ఆబ్దికం. మడికట్టుకుని ఇంటి కోడలే వండాలి. ఆ ఇంటికి మిగిలిన కోడలు ఆమె ఒక్కతే.

తరగతి అయ్యాక డాక్టర్ని అడిగింది. జ్ఞాపకశక్తి బాగానే ఉందట. వెనకాల ఒకే తరంగం మళ్లీ మళ్లీ తిరుగుతోందట. మెషీన్‌కి అది జబ్బు లక్షణం.

"లోపల ఏమైనా అనుకుంటారా అమ్మా?"

"వరుస అనుకుంటానమ్మా. చేతులు ఆడితే చాలు, అదే వస్తుంది."

వరుస అంటే ఆ వంశంలో పోయినవాళ్ల పేర్లూ తిథులూ. పెళ్లైన ఏడాది రుబ్బురోలు దగ్గర కూర్చోబెట్టి అత్తగారు నేర్పింది. కాగితంమీద పెడితే మనసు వదిలేస్తుందని రాయనిచ్చేది కాదు.

నిరుపమ మెషీన్‌కి ఆ తేడా నేర్పడానికి ఏడాది పడుతుందని చెప్పి, "అందాకా ఆపగలరా?" అంది.

"ఊపిరి ఆపమన్నట్టుందమ్మా."

అయినా ఆపింది. పేర్లు వచ్చినప్పుడల్లా కూరగాయలు వెనకనుంచి చెప్పుకుంది. ఒకరోజు విసుగెత్తి పట్టీని మంచంమీదికి విసిరికొట్టి, వెంటనే తీసి కళ్లకద్దుకుంది. యాభై అయిదు, అరవై ఏడు, తొంభై ఒకటి. మాస్టారు చప్పట్లు కొట్టారు. పొయ్యి వెలిగింది.

ఆబ్దికంనాడు మడిచీరతోపాటు పట్టీని కూడా తడిపి ఆరేసి పెట్టుకుంది. పరమాన్నానికి బియ్యం పొయ్యిమీద పడ్డాయి. హాల్లో మరిది సోమనాథం పీటమీద కూర్చున్నాడు. పురోహితుడు అడిగితే తల్లి పేరు చెప్పాడు, నాయనమ్మ పేరు చెప్పాడు. ముత్తవ్వ పేరు దగ్గర వంటింటి వైపు చూశాడు.

"వదినా, ఎప్పుడూ మీరేగా అందిస్తారు."

త్రిపురమ్మ నోరు తెరిచింది. వంకాయ, బీరకాయ, దొండకాయ వచ్చాయి. పట్టీమీద పచ్చదీపం ప్రశాంతంగా వెలుగుతోంది.

"వదినా?"

ఆమె పచ్చడి నూరే రోలు ముందుకి లాక్కుంది. ఖాళీ రోట్లోనే బండ తిప్పుతూ వరుస మొదటినుంచి ఎత్తుకుంది. నాలుగో పేరు దగ్గర తప్పింది. మళ్లీ ఎత్తుకుంది. ఏడో పేరు దాకా వెళ్లింది. దీపం ఎర్రబడింది. ఆమె బండ ఆపలేదు. మూడోసారి, ఎవరో పక్కన కూర్చుని చెప్పినట్టు, వచ్చేసింది.

"పేరిందేవమ్మ," అంది పైకి.

హాల్లో మంత్రం ముందుకి సాగింది. వంటింట్లో పొయ్యి టక్కున ఆరిపోయింది. "మీ భద్రత కోసం పొయ్యి ఆపుతున్నాం. స్కోరు అరవై దాటాక మళ్లీ ప్రయత్నించండి," అంది పొయ్యిలోంచి ఒక మెత్తటి గొంతు.

కాసేపటికి సోమనాథం కేకేశాడు. "వదినా, విస్తరి వెయ్యమంటున్నారు."

త్రిపురమ్మ మూత తీసి రెండు మెతుకులు నలిపి చూసింది. బియ్యం ఇంకా బియ్యంలాగానే ఉన్నాయి.