అరవై ఒకటో పేజీలో కుడివైపు

"ఇది మీరు రాశారా, నేను రాసినదానికి చొక్కా మార్చారా?"

ఆమె నాతో అన్న మొదటి మాట ఇదే. కూర్చోమని కూడా అనలేదు. నా మొదటి అధ్యాయం ఆమె బల్ల మీద ఉంది. ఎర్ర పెన్ను మూత అప్పటికే తీసి ఉంది.

"సొంతంగానే రాశానండీ."

"'మొదటి వెయ్యి కిలోమీటర్లు బండిని తొందరపెట్టకండి.' ఇది నాది. 'మొదటి వెయ్యి కిలోమీటర్ల వరకూ బండిని తొందరపెట్టరాదు.' ఇది మీది. ఇందులో మీ సొంతం ఏముంది?"

"వరకూ ఉందండీ."

ఆమె నన్ను అలాగే చూసింది. నవ్వుతుందేమో అనుకున్నాను. పెన్నుతో ఆ 'వరకూ' చుట్టూ సున్నా చుట్టి, కాగితం నా వైపు తోసింది.

అసలు సంగతి చెప్పాలి. మా కంపెనీకి పేరుంది, చిన్న మోటారు సైకిలు లేదు. ఆమె పనిచేసే కంపెనీకి ఆ బండి ఉంది, మాకున్నన్ని షోరూములు లేవు. రెండు కంపెనీలూ కూర్చుని ఒప్పందం రాసుకున్నాయి. బండి వాళ్ల ఫ్యాక్టరీలోనే తయారవుతుంది. ట్యాంకు, సీటు, హెడ్‌లైటు చుట్టూ ఉండే ప్లాస్టిక్కు, రంగు, స్టిక్కరు మాత్రం మారతాయి. ఆ తర్వాత అది మా బండి. పెళ్లయ్యాక ఇంటిపేరు మారినట్టే, మనిషి మాత్రం ఆ మనిషే. నాకు చిన్నప్పటి నుంచీ ఏదైనా విప్పి చూసే జబ్బుంది. మా బండి పక్క ప్యానెల్ విప్పి తిరగేస్తే, లోపల ప్లాస్టిక్కులో వాళ్ల కంపెనీ పేరు అచ్చుపోసి ఉంది. ఎవరో రహస్యం చెప్పినట్టు ఆ రోజంతా భలే సంతోషంగా ఉన్నాను.

వాళ్లు బండి అమ్మారు గానీ మాటలు అమ్మలేదు. బండితో ఇచ్చే మాన్యువల్ మాత్రం మా సొంత మాటల్లో ఉండాలని లాయర్లు పట్టుబట్టారు. ఆ రాత పని నా నెత్తిన పడింది. వాళ్ల మాన్యువల్ రాసినావిడే నా ప్రతి అధ్యాయమూ చదివి, మాటలు వేరు, అర్థం ఒకటే అని సంతకం పెట్టాలి. అందుకని మంగళవారం ఒకసారి, శుక్రవారం ఒకసారి వాళ్ల ఫ్యాక్టరీకి వెళ్లి ఆమె ముందు నిలబడేవాణ్ణి. ఫ్యాక్టరీలో అందరూ ఆమెని మాన్యువల్ మేడమ్ అనేవారు. నన్ను రెండో వారానికే కాపీ మాస్టారు అనడం మొదలుపెట్టారు. ఆ పేరు ఎవరు పెట్టారో నాకు తెలుసు.

"'నిదానంగా నడపండి' అని రాశారు. నిదానం అంటే ఎంత?" అనేది.

"నిదానమంటే నిదానమేనండీ."

"మీ నిదానం వేరు, మా అన్నయ్య నిదానం వేరు. వాడి నిదానానికి కోళ్లు ఎగిరి గోడెక్కుతాయి. అంకె వేయండి."

అంకె వేశాను. ఆమె చెప్పింది ఎప్పుడూ సబబుగానే ఉండేది, అదే నాకు ఒళ్లు మంట. అయినా మంగళవారం ఎప్పుడొస్తుందా అని ఆదివారం నుంచే చూసేవాణ్ణి.

చదివేటప్పుడు ఆమె చేతులు ఊరుకునేవి కావు. 'తాళం తిప్పండి' దగ్గర వేళ్లు గాల్లో తాళం తిప్పేవి. 'క్లచ్ నొక్కండి' దగ్గర గుప్పిట బిగిసేది. మూడో అధ్యాయం చదువుతూ యాక్సిలరేటర్‌ని గాల్లో ముందుకు తిప్పింది.

"అది వెనక్కి తిప్పాలండీ," అన్నాను.

చెయ్యి ఠక్కున ఒళ్లో పెట్టుకుంది. "నాకు తెలుసు."

"మీకు బండి నడపడం వచ్చా?"

"రాదు. వంటల పుస్తకం అచ్చువేసేవాడికి వంట రావాలా?"

"అచ్చువేసేవాడికి అక్కర్లేదు, రాసేవాడికి రావాలి కదండీ."

ఎర్ర పెన్నుకి మూత పెట్టింది. తర్వాత, తనే మెల్లిగా, "డ్రాయింగులు చదవడం నాకు బాగా వచ్చు. కింద బండ్లు బిగించే లైన్లో నిలబడి బండిని గంటలకొద్దీ చూస్తాను. ఎక్కమని ఎవరూ అనలేదు. మా అన్నయ్యని అడిగితే, నువ్వు పుస్తకం రాసుకో, బండి నేను చూసుకుంటా అన్నాడు," అంది.

నాకు ఆ అన్నయ్య మీద ఊరికే కోపం వచ్చింది. ఐదో అధ్యాయానికి ఆ కోపం ఎందుకొచ్చిందో అర్థమైంది. నేను ఆ అమ్మాయిని ప్రేమించాను. బ్రేకు ఆయిలు గురించిన అధ్యాయం అది. అందులో ప్రేమించడానికి ఏమీ లేదు, ఆమె చదవడం తప్ప.

తర్వాత వాన పడింది.

గురువారం సాయంత్రం, మా కంపెనీ బండి మీద ఇంటికొస్తున్నాను. చిటపటమని మొదలైన వాన కుండపోత అయింది, బండి ఉన్నపళంగా ఆగిపోయింది. లైటు లేదు, హారను లేదు. ఫ్యూజు పోయిందని అర్థమైంది. సంచిలో ఆమె మాన్యువల్ ఉంది. మూసేసిన కొట్టు ముందు రేకు కింద నిలబడి అరవై ఒకటో పేజీ తీశాను. 'ఫ్యూజు పెట్టె కుడివైపు ప్యానెల్ వెనక ఉంటుంది.' కుడివైపు ప్యానెల్ విప్పాను. లోపల ఎయిర్ ఫిల్టరు ఉంది. ఫ్యూజు పెట్టె లేదు. చొక్కా తడిసి ముద్దయ్యేదాకా వెతికాను. ఆఖరికి ఎడమవైపు విప్పితే బుద్ధిగా అక్కడ కూర్చుని ఉంది.

మొదట నవ్వొచ్చింది. శుక్రవారం తొమ్మిదో అధ్యాయం, అంటే సరిగ్గా ఈ కరెంటు అధ్యాయమే ఇవ్వాలని గుర్తొచ్చాక నవ్వు పోయింది.

'ఎడమ' అని రాస్తే రెండు పుస్తకాలకీ తేడా వస్తుంది. ఆమె తప్పు బయటపడుతుంది. అప్పటికే నలభై వేల పుస్తకాలు అచ్చయి బండ్లతో వెళ్లిపోయాయి. ఆయిలు కొలత తప్పు రాసిన పాత రచయిత ఇప్పుడు స్పేర్ పార్టుల ధరల పట్టిక రాసుకుంటున్నాడని, అతను కూర్చునే గదికి కిటికీ కూడా లేదని ఆమే ఒకసారి చెప్పింది. 'కుడి' అని రాస్తే ఆమె సంతకం పెట్టేస్తుంది, ఎవరికీ ఏమీ తెలియదు. నాలాగా వానలో నిలబడ్డవాళ్లకి తప్ప.

జ్వరమని ఫోను చేసి, శుక్రవారం ఎగ్గొట్టాను. మంగళవారం కూడా ఎగ్గొట్టాను.

మా అక్క నర్సు. జ్వరం లేని జ్వరాన్ని ఇట్టే పట్టేస్తుంది.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు. ఇన్నాళ్లు ఏం నానబెడుతున్నావురా?"

అంతా చెప్పాను. ప్రేమ సంగతి చెప్పలేదు గానీ అది కూడా విన్నట్టే ముఖం పెట్టింది.

"కుడికాలికి కట్టాల్సిన కట్టు ఎడమకాలికి కట్టారనుకో. కట్టినవాళ్ల మనసు నొచ్చుకుంటుందని నేను ఊరుకోనా?"

"ఆ అమ్మాయిని కిటికీ లేని గదిలోకి పంపమంటావా?"

"నువ్వు పంపడమేంటి, పెద్ద మొనగాడివి. తప్పు తనది. ఏం చెయ్యాలో తనని తేల్చుకోనీ. ముందు ఆ పిల్లని బండెక్కించు."

బుధవారం పొద్దున్నే వెళ్లాను. వాళ్ల ఫ్యాక్టరీ వెనక బండ్లు నిలిపే చోటికి ఆమెని పిలిచాను.

"జ్వరం తగ్గిందా?" అంది. ఆ గొంతులో నిజంగానే దిగులుంది. నాకు నేల చీలిపోతే బాగుండనిపించింది.

"తగ్గిందండీ. ఒకసారి ఈ బండి మీద కూర్చోండి."

"ఎందుకు?"

"కూర్చుంటే తెలుస్తుంది."

ఆమెకి కుతూహలం నాకంటే తక్కువేం కాదు. అటూ ఇటూ చూసి, ఎక్కింది. రెండు చేతులూ హ్యాండిల్ మీద పెట్టింది. ముఖం చిన్నపిల్లల ముఖంలా వెలిగింది. ఆ వెలుగు ఇంకో నిమిషంలో నా వల్లే పోతుందని తెలిసి నేను వేరేవైపు చూశాను.

"అరవై ఒకటో పేజీ ప్రకారం ఫ్యూజు మార్చండి."

కుడిచెయ్యి కిందికి పోనిచ్చింది. ప్యానెల్ ఊడదీసింది. ఎయిర్ ఫిల్టరు చూసింది. దిగి బండి ఎదురుగా వెళ్లి నిలబడింది. ఎప్పుడూ లైన్లో ఎలా నిలబడి చూసేదో అలాగే. అక్కణ్ణుంచి ఆమె కుడిచేతివైపు ఉన్నది, ఎక్కి కూర్చున్నవాళ్లకి ఎడమ.

"ఎదురుగా నిలబడి రాశాను," అంది నెమ్మదిగా.

"ఎవరికైనా జరుగుతుందండీ."

"మీకు ఎప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పొచ్చు. నోరు రాలేదు. "పోయిన గురువారం."

"ఆరు రోజులు."

"మీకేమన్నా అవుతుందేమోనని..."

"ఆరు రోజుల్లో ఎంతమంది బండి పక్కన నిలబడి నా పుస్తకం పట్టుకుని వెతుక్కున్నారో. నాకు ఏమవుతుందో అది నాకు వదిలేయాల్సింది. మీరు నా మీద జాలిపడ్డారు కాపీ మాస్టారూ. నా తప్పు కంటే అది ఎక్కువ బాధగా ఉంది."

ప్యానెల్‌ని జాగ్రత్తగా దాని చోట బిగించి, వెళ్లిపోయింది. నేరుగా వాళ్ల పెద్దాయన గదికే వెళ్లిందని తర్వాత తెలిసింది.

ఆ తర్వాత రెండు వారాలు నాకు ఫోను లేదు, కబురు లేదు. తెలిసిందల్లా మా లాయరు ద్వారానే. వాళ్లు సవరణ చీటీలు అచ్చు వేయించి అన్ని షోరూములకీ పంపారట. కొన్నవాళ్లందరికీ ఫోన్లు చేయించారట. ఆమెకి ఆఖరి అవకాశం ఇచ్చారట. మొత్తం పుస్తకాన్ని బండి మీద కూర్చుని, పేజీ పేజీ సరిచూడాలి. ఇంకొక్క తప్పు తేలినా కిటికీ లేని గదే. నేను రోజూ ఫోను చేతిలోకి తీసుకుని, మళ్లీ పెట్టేసేవాణ్ణి. 'క్షమించండి' అన్న మాటని ఎన్నిరకాలుగా రాసి చూశానో, ఏదీ సంతకానికి పనికొచ్చేలా లేదు.

ఒక శుక్రవారం పొద్దున ఆమే ఫోను చేసింది.

"తొమ్మిదో అధ్యాయం ఇంకా బాకీ ఉన్నారు. పదింటికి మా టెస్టు రోడ్డు దగ్గరికి రండి."

వెళ్లేసరికి ఎదురుగా బండి మీద వస్తోంది. హెల్మెట్టులో కూడా గుర్తుపట్టాను. గేరు మారిస్తే బండి కాస్త ఎగిరింది గానీ పడలేదు. నా ముందు ఆపి, స్టాండు వేసి, చెయ్యి చాపింది. కాగితాలిచ్చాను. అక్కడే నిలబడి చదివింది. 'ఎక్కి కూర్చున్నప్పుడు మీ ఎడమ మోకాలి కింద ఉన్న ప్యానెల్' అని రాశాను.

"ఇది మీ సొంతం," అని సంతకం పెట్టింది. "నా పుస్తకంలో కూడా ఇలాగే మారుస్తాను. కావాలంటే మీ లాయర్లు మా మీద కేసు వేసుకోవచ్చు."

"మరి సరిచూడటం అయిపోయిందా?"

"పన్నెండో అధ్యాయం మిగిలింది. 'వెనక కూర్చునేవారు.' ఒక్కదాన్నే చూడటం కుదరదు."

"మీ అన్నయ్యని అడగలేకపోయారా?"

"అడిగితే వచ్చేవాడు." రెండో హెల్మెట్టు నా చేతిలో పెట్టింది. "అడగలేదు."

ఎక్కాను. బండి కదిలింది. "రెండు చేతులూ వెనక రాడ్డు మీదేనా?" "అవునండీ." "పాదాలు?" "పెట్టానండీ." "బెదురుగా ఉందా?" "కొంచెం." "అది పుస్తకంలో లేదు, రాయాలి," అంది. మొదటి రౌండు అయ్యింది. రెండో రౌండులో ఇక నా వల్ల కాలేదు.

"మీకో మాట చెప్పాలి."

"డెబ్బై నాలుగో పేజీ."

"అందులో ఏముంది?"

"బండి కదులుతుండగా నడిపేవారిని మాటల్లో పెట్టకండి."

నోరు మూసుకున్నాను. ఆ రోడ్డు పొడవు రెండు కిలోమీటర్లట. ఆ రోజు నాకు ఇరవై అనిపించింది. ఆమె నిదానంగా ఆపింది. ఇంజను కట్టేసి, హెల్మెట్టు తీసి ట్యాంకు మీద పెట్టుకుంది. వెనక్కి తిరగలేదు.

"ఇప్పుడు చెప్పండి."

"మీరంటే నాకు చాలా ఇష్టం. ఆ ఆరు రోజులూ చెప్పకపోవడం తప్పే. జాలి కాదు, భయం. మంగళవారాలూ శుక్రవారాలూ లేకుండా పోతాయని."

"ఇష్టం ఎప్పటి నుంచి?"

"ఐదో అధ్యాయం."

"అంటే నెల దాటింది. మళ్లీ దాచారన్నమాట."

తప్పు తప్పే. దిగిపోదామని కాలు కిందికి పెట్టాను. ఆమె చెయ్యి వెనక్కి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"నేను మూడో అధ్యాయం నుంచే దాస్తున్నాను," అంది. "ఆ లెక్కన మీ మీద కోప్పడే హక్కు నాకు లేదు."