ఎమిల్ వంపులో లంగరు

వుల్ఫ్ నది మీద ఎక్కడైనా లంగరు వేసుకో, అడిగేవాడు లేడు. ఒక్క ఎమిల్ వంపులో మాత్రం వద్దు. మా ఊళ్ళో ఎవరిని కదిపినా చెప్పే మొదటి మాట ఇదే.

ఆ వంపు చూడ్డానికే బాగుండదు. నది అక్కడ కోపం వచ్చినదానిలా గిరుక్కున తిరుగుతుంది. ఎప్పుడో అడవులు కొట్టి దుంగలు నదిలో తేల్చుకెళ్ళిన రోజుల్లో మునిగిపోయిన మొద్దులన్నీ అడుగున అడ్డదిడ్డంగా పడున్నాయి. ఒడ్డున విల్లో చెట్లు నీళ్ళలోకి వంగి ఉంటాయి. పట్టపగలు కూడా ఆ నీడలోకి పోవాలంటే మనసొప్పదు.

ఎమిల్ అని వెనకటికి ఒకాయన ఉండేవాడు. వాల్‌ఐ చేపంటే ప్రాణం. లైటు పడితే పిల్లికళ్ళలా మెరిసే ఆ పెద్ద కళ్ళ చేప కోసం తిండీ నిద్రా మానేసేవాడు. పాపం, ఒక్కటీ పడేది కాదు. అందుకని ఎదురైన ప్రతివాణ్ణీ అడిగేవాడు... "పడుతున్నాయా, అబ్బాయ్?"

ఈ నది మీద ఆ ప్రశ్నకి నిజం చెప్పినవాడు ఇంకా పుట్టలేదు. సంచీ నిండా ఉన్నవాడు "ఏం లేవు" అంటాడు. ఖాళీ సంచీవాడు "ఇప్పుడే పెద్దది వదిలేశా" అంటాడు. అదో మర్యాద మాకు.

ఒక వసంతంలో ఎవడో ఆకతాయి బార్‌లో కూర్చుని, "ఆ వంపుకి పో, లంగరు పడవ వెనక కట్టుకుని కూర్చో, పండగే నీకు" అన్నాడు. వరద నీటిలో లంగరు ఎప్పుడూ పడవ ముక్కుకే కట్టాలి. వెనక కడితే ప్రవాహం వెనకనించి ఎక్కి పడవని ముంచేస్తుంది. ఎమిల్ నమ్మాడు. పడవ దొరికింది... ఎమిల్ దొరకలేదు.

అప్పట్నించీ అక్కడ లంగరు వేసినవాణ్ణి చీకట్లో ఎవరో అడుగుతారట. అబద్ధం చెబితే లంగరు వదలరట.

ఆర్లిన్ జీట్లో అని ఒకాయన, ఆయనకి ఈ కథంటే ఎంత ఇష్టమో! కాగితం మిల్లులో పనిచేసి రిటైరైన మనిషి, నోట్లో నాలుక లేనట్టుంటాడు. కానీ ఎమిల్ కథ మొదలెట్టాడా, బార్‌లో గ్లాసులు ఆగిపోయేవి. గుడ్లు మిటకరించి, గొంతు తగ్గించి, వినేవాడి మెడ మీద వెంట్రుకలు లేచేదాకా వదిలేవాడు కాదు.

ఎందుకంటే... ఆయన చేపలన్నీ పట్టేది ఆ వంపులోనే మరి!

దెయ్యాన్ని నమ్మే రకం కాదు ఆర్లిన్. నలుగురూ నమ్మితే చాలు, చోటు తనకి మిగులుతుంది. ఏటా ఏప్రిల్లో మా ఊళ్ళో పందెం జరుగుతుంది. అందరికంటే పెద్ద వాల్‌ఐ పట్టినవాడు చెక్కతో చెక్కిన చేపని ఏడాదిపాటు ఇంట్లో పెట్టుకోవచ్చు. ఆ చెక్క చేప వరసగా నాలుగేళ్ళు ఆర్లిన్ ఇంట్లోనే ఉంది. మిల్లులో ముప్ఫై ఏళ్ళు చేసినా ఒక్కడూ పేరు పెట్టి పిలవనివాణ్ణి, ఇప్పుడు ఊరంతా "ఏం ఆర్లిన్, ఎక్కడ పట్టావ్?" అని వెంటపడుతుంటే ఆయన కడుపు నిండిపోయేది. ఆ చోటు తెలిసిపోతే ఆ గొప్పా పోతుంది. అంతకంటే వేరే గొప్ప ఆయనకి లేదు.

"రైలు వంతెన కింద" అని చెప్పేవాడు అడిగినవాళ్ళకి. అది నమ్మి నాలుగేళ్ళుగా ఆ వంతెన కిందే కూర్చున్న అమాయకుడు ఒకడున్నాడు. డెల్మర్. ఆర్లిన్ భార్య వెర్నాకి స్వయానా తమ్ముడు.

ఆ ఏడు పందెం శనివారం. ముందురోజు శుక్రవారం రాత్రి ఊరంతా బార్‌లో చేపల వేపుడు తింటోంది. ఆర్లిన్ నడుం పట్టుకుని మూలిగాడు.

"నువ్వు వెళ్ళిరా వెర్నా. నాకు నడుం లేవట్లేదు."

"అలాగే లేండి. మీ నడుం ఏటా పందెం ముందురోజే పట్టేస్తుంది, విచిత్రం" అంది వెర్నా, కోటు వేసుకుంటూ.

ఆమె కారు మలుపు తిరిగిందో లేదో, ఆర్లిన్ అల్యూమినియం పడవ నీళ్ళలో ఉంది.

కావలసినట్టు కుదిరిన రాత్రి అది. మంచు కరిగి నది పాలు తక్కువైన టీ రంగులో పొంగుతోంది. ఎగువన మునిగిన గడ్డి మైదానాల్లో గుడ్లు పెట్టి, నకనకలాడే ఆకలితో వాల్‌ఐలు సరస్సుకి తిరిగి దిగే రోజులు. అలసిపోయి ఉంటాయి కదా, ఉరవడిలో ఆగవు. మొద్దుల వెనక నీళ్ళు నెమ్మదించిన చోట చేరి, ముంగిట్లోకి వచ్చింది తింటాయి.

వంపు పైకి పోయి, పడవ ముక్కు నించి లంగరు వదిలాడు. పడవ మెల్లగా వెనక్కి జరిగి, జోరు నీటికీ నెమ్మది నీటికీ మధ్య ఆగింది. నారింజ రంగు సీసపు గుండు ఉన్న గాలానికి బతికున్న చిట్టి చేపని నోట్లోంచి గుచ్చి కిందికి దింపాడు. అడుగు తగిలాక ఓ జానెడు ఎత్తడం... దారం వదులు కాకుండా మళ్ళీ దింపడం. అంతే. ఆ దిగేటప్పుడే పట్టుకుంటుంది.

పట్టుకుంది కూడా. ఒకటి... ఇంకొకటి... కాసేపట్లో సంచీ బరువెక్కింది. రేపటిదాకా మిగతావి ఇక్కడే ఉంటే చెక్క చేప మళ్ళీ మనదే అనుకుని, మురిసిపోతూ లేచి లంగరు తాడు లాగాడు.

రాలేదు.

మొద్దుల్లో ఇరుక్కుని ఉంటుంది, మామూలే. మోటారు వేసి ఎగువకి పోనిచ్చాడు. ఇరుక్కున్న లంగరు ఎదురు దిక్కుకి లాగితే ఊడి తీరాలి. ఊడలేదు. ఎడమకి పోయాడు, కుడికి పోయాడు... ఎటు పోయినా తాడు నిటారుగా పడవ కిందికే ఉంది.

లంగరు కూడా తనతోపాటే నడుస్తున్నట్టు.

మోటారు ఆపేశాడు. లోతు చూపించే చిన్న తెరవైపు చూశాడు. అడుగున మొద్దులన్నీ పడుకుని ఉన్నాయి. ఒక్కటి మాత్రం నిలబడి ఉంది.

అప్పుడు వినబడింది. విల్లోల వైపు నించి... కాదు, ఇంకా దగ్గర నించి... మెల్లగా, ఎంతో ఆప్యాయంగా —

"పడుతున్నాయా, అబ్బాయ్?"

అరవైకి దగ్గరపడ్డ ఆర్లిన్‌ని అబ్బాయ్ అని పిలిచి ఎన్నాళ్ళయిందో! గుండె జారి బూట్లలో పడింది. అయినా అలవాటు ఊరుకుంటుందా? నోరు దానంతటదే అనేసింది.

"ఏం లేవండీ. ఒక్కటీ లేదు."

తాడు బిగుసుకుంది. పడవ ముక్కు బెత్తెడు కిందికి దిగింది.

"అంటే... చిన్నవి రెండు..."

ఇంకో బెత్తెడు. చల్లటి నీళ్ళు అంచు దాటి బూట్ల మీదికొచ్చాయి.

"ఏడు! ఏడండీ! అన్నీ పెద్దవే!"

పడవ ముక్కు కాస్త పైకి లేచింది. ఆర్లిన్ చాకు తీశాడు, తాడు కోసేద్దామని.

"ఎంత లోతులో?" అంది గొంతు. చాకు చేతిలోంచి జారి బుడుంగున మునిగింది.

"ఎ... ఎనిమిది అడుగులు..."

ముక్కు దిగింది.

"పద్నాలుగు! పద్నాలుగే!"

లేచింది.

"ఏ రంగు?"

"ఆకుపచ్చ —" ముక్కు ఇంకా దిగకముందే సర్దుకున్నాడు. "నారింజ! నారింజండీ, బురద నీళ్ళలో అదొక్కటే కనబడుతుంది. జానెడు ఎత్తి దింపాలి. ఎర నోట్లోంచి గుచ్చాలి. జోరు నీళ్ళ పక్కన నెమ్మది నీళ్ళలో. ఈ వంపులోనే. వేరే ఎక్కడా కాదు!"

చిత్రం చూడండి, ఒకసారి మొదలెట్టాక ఆగలేదు ఆయన. నాలుగేళ్ళుగా కడుపులో దాచుకున్నదంతా గడగడా వచ్చేసింది. ఎంత హాయిగా అనిపించిందో, భయపడటం కూడా కాసేపు మర్చిపోయాడు.

గొంతు ఓపిగ్గా విని, ఆఖర్న అడిగింది. "మరి మీ డెల్మర్‌కి ఏం చెప్పావు?"

ఆర్లిన్ తలొంచుకున్నాడు. సిగ్గేసింది, నిజంగానే. "రైలు వంతెన కింద అని..."

"అక్కడ పడతాయా?"

"పడవండీ. ఒక్కటీ పడదు."

తాడు చేతిలో వదులైంది. లంగరు ఆకు కంటే తేలిగ్గా పైకి వచ్చేసింది. చీకట్లో ఎవరో తృప్తిగా ఊపిరి వదిలినట్టు... గాలే అయ్యుంటుందని ఆయనే తనకి చెప్పుకున్నాడు.

ఇంటికొచ్చి దుప్పటి కప్పుకుని పడుకున్నాడు. ఆ తర్వాత బార్ నించి వచ్చిన వెర్నా, పేకాటలో డెల్మర్ దొంగాట ఆడాడని తిట్టుకుంటూ పక్కనే నిద్రపోయింది. ఆర్లిన్‌కి మాత్రం ఒకటే ధైర్యం. చెప్పింది చెప్పాం, చెప్పింది దెయ్యానికేగా! దెయ్యం వచ్చి పందెంలో గాలం వెయ్యదు కదా!

తెల్లారకముందే, పొగమంచులో వంపు దగ్గరికి పడవ పోనిచ్చాడు.

అక్కడ అప్పటికే ఒక పడవ ఉంది. సరిగ్గా తన చోట్లోనే, జోరు నీటికీ నెమ్మది నీటికీ మధ్య. అందులో చెవులు కప్పే టోపీ పెట్టుకుని డెల్మర్! గాలం చివర నారింజ రంగు గుండు!

ఆర్లిన్‌కి రాత్రి భయమంతా ఒక్కసారిగా ఒళ్ళుమంటగా మారింది.

"ఓరి దొంగ సచ్చినోడా! రాత్రి ఆ గొంతు నీదేనా?"

"నువ్వా నన్ను దొంగ అనేది? నాలుగేళ్ళు బావా! నాలుగేళ్ళు ఆ వంతెన కింద కూర్చోబెట్టావు నన్ను! పావురాలు నెత్తిన రెట్టలు వేస్తుంటే, చేపలకి నేనే నచ్చట్లేదేమో అని ఏడ్చాను బావా!"

"చాటుగా వచ్చి, గొంతు మార్చి, నా నోటితోనే చెప్పించావు కదరా!"

డెల్మర్ గాలం పక్కన పెట్టి వింతగా చూశాడు. "చాటుగా ఏంటి? రాత్రి బార్ మూసేదాకా మా అక్క ఎదురుగానే పేకాడుతూ కూర్చున్నా. ఇంటికెళ్ళి అడుగు."

అడగక్కర్లేదు. వెర్నా తిట్లు ఇంకా చెవిలో ఉన్నాయి.

"మరి... ఈ చోటు నీకెవడు చెప్పాడు?"

"ఇందాక పడవ దింపుతుంటే ఎవరో ముసలాయన. నీళ్ళలో నిలబడున్నాడు, మొహం సరిగ్గా కనబడలా. పడుతున్నాయా అండీ అని మాటవరసకి అడిగా. మహానుభావుడు! లోతు, రంగు, ఎర ఎలా గుచ్చాలో... అడక్కుండానే మొత్తం చెప్పేశాడు. వంతెన కింద కూర్చోకు నాయనా, అక్కడేం పడవు అని కూడా చెప్పాడు."

 ఆర్లిన్ ఏదో అనబోయేలోగా కింది వైపు నించి మోటారు చప్పుడు వినబడింది. ఒకటి కాదు... రెండు కాదు. పొగమంచులోంచి ఎర్రలైట్లు, పచ్చలైట్లు, ఒకదాని వెనక ఒకటి వంపు తిరుగుతున్నాయి. ఊరు ఊరంతా కదిలొచ్చింది. ప్రతి పడవలోనూ ఓ నారింజ చుక్క.

అందరికంటే ముందు పడవలో పాస్టర్ గారు. ఆయన మోటారు ఆపి, టోపీ ఎత్తి, నిండుగా నవ్వారు.

"శుభోదయం ఆర్లిన్! ఎంత మంచిపని చేశావయ్యా!"

"నేనా... నేనేం చేశాను పాస్టర్ గారూ?"

"ఎవరో పెద్దాయన, దిగిన ప్రతి పడవనీ ఆపి మరీ చెబుతున్నాడు. కోటంతా నీళ్ళు కారుతోంది, ఒడ్డుకి రావయ్యా అంటే రాడు. నీ గురించే, ఆర్లిన్. తను పోయాక ఇన్నేళ్ళకి, ఈ నది మీద తనకి నిజం చెప్పిన మొదటి మనిషివట నువ్వు."