పన్నెండో పేరు

దేశ రాజధానిలో, బేర్ సరాయ్ పేటలో నీలం గేటు ఇంటికి ఎప్పుడూ మంచి పేరు లేదు.

గల్లీ చివర, పుస్తకాల కొట్లు అయిపోయాక, ఎడమచేతి వైపు మూడంతస్తుల ఇల్లది. అన్నదమ్ములు కోర్టుకెక్కడంతో గేటుకి తాళం పడింది. మూడో అంతస్తు ప్లాస్టరింగు కూడా లేకుండా ఆగిపోయింది. మంచం పట్టే చోటల్లా గది కట్టి కుర్రాళ్లకి అద్దెకిచ్చే ఆ గల్లీల్లో ఒక ఇల్లు ఖాళీగా ఉందంటే జనం ఊరుకుంటారా? కారణం వెతుకుతారు. వెతికారు.

ఆ పైగదిలో ఒకప్పుడు మెడికల్ ఎంట్రన్సుకి చదివే కుర్రాడు ఉండేవాడట. నాలుగుసార్లు రాసి నాలుగుసార్లూ తప్పాడట. ఐదోసారి రాసొచ్చి, పచ్చకామెర్లతో పోయాడట. పోయిన వారానికి ఫలితాలొచ్చాయి... సీటు వచ్చిందట!

పాపం, ఆ సంగతి వాడికి చెప్పేదెవరు? అందుకని ఇంకా చదువుతూనే ఉన్నాడంటారు. కరెంటు పోయిన రాత్రుళ్లు పైనుంచి గొణుగుడు వినిపిస్తుందంటారు. బాగా చదివేవాళ్ల పుస్తకాలు మాయం చేస్తాడని కూడా అంటారు.

వీటన్నిటి మీదా తర్వాత ఇంకొకటి కలిసింది. ఆ దెయ్యం పేరు పెట్టి పిలుస్తుందని. మిగతావి ఎంతవరకూ నిజమో తెలీదు గానీ, పిలిచిన మాట మాత్రం నిజం. తొంభై ఆరు మే నెలలో, ఒకే ఒక్కసారి పిలిచింది. అదెలా జరిగిందో విన్నది విన్నట్టు చెప్తాను.

ఆ ఏడాది నీలం గేటుకి నాలుగిళ్ల అవతల, ఒకే గదిలో ముగ్గురు తెలుగు కుర్రాళ్లుండేవారు. కిరీటి, సుధీంద్ర, చైతు. ముగ్గురూ ఎంట్రన్సు కోసమే చదువుతున్నారు. మూడు చాపలు, ఒక కూలరు, ఒక స్టవ్వు. ముగ్గురి మధ్యా ఒక కట్టుబాటుండేది. అచ్చు పుస్తకాలు ఉమ్మడి, ఎవరి రిజిస్టరు వాళ్లది. ఎవరికి ఏం అర్థం కాకపోయినా అడగొచ్చు, రెండోవాడు నిద్ర ఆపుకునైనా చెప్పాలి. కానీ ఒకడి రిజిస్టరు ఇంకొకడు ముట్టుకోకూడదు.

కిరీటిది బయాలజీ రిజిస్టరు. నల్ల అట్ట, ఎర్ర గుడ్డ వీపు, నాలుగు వందల పేజీలు. పదకొండు నెలలు రాశాడు. ఎవరేమడిగినా గంటలు గంటలు చెప్పేవాడు గానీ, రిజిస్టరు మాత్రం చూపించేవాడు కాదు. గర్వం కాదు, సిగ్గు. గుర్తుండటం కోసం వాడు అందులో ఇంట్లోవాళ్లందర్నీ దూర్చేశాడు మరి! మెదడు నుంచి వచ్చే పన్నెండు నరాలూ వాడి చుట్టాలే. ఇది ఎవరైనా చూస్తే నవ్వుతారని భయం.

కోచింగు సెంటరు గోడ మీద ప్రతి ఆదివారం మార్కులు అంటించేవాళ్లు. కిరీటి పేరు మొదటి మూడింట్లో ఉండేది. సుధీంద్ర పేరు కోసం కాస్త కిందికి వంగి వెతకాలి.

"ఆ నల్లట్టలో ఏముందిరా బాబూ? మంత్రాలా?" అనేవాడు సుధీంద్ర. వాడి నోరు అలాంటిది, లేచింది మొదలు ఆగదు. కిరీటికి ఆ నోరంటే ఇష్టం. చలికాలంలో కిరీటికి టైఫాయిడ్ వచ్చి, అమ్మా అమ్మా అని కలవరిస్తుంటే, సుధీంద్ర తడిగుడ్డ వేస్తూ తెల్లవార్లూ ఏదో ఒకటి వాగుతూనే కూర్చున్నాడు. భయం వెయ్యకుండా. అది కిరీటి మర్చిపోలేదు.

పరీక్ష ఇంకా ఇరవై రోజులుందనగా రిజిస్టరు పోయింది.

టీ తాగి వచ్చేసరికి చాప మీద లేదు. గదంతా తిరగేశారు. కూలరు వెనక, స్టవ్వు కింద, చెత్తబుట్టలో కూడా చూశారు. ముగ్గురూ వెతికారు. పాత పేపర్లు కొనే భయ్యాని పట్టుకుని అడిగారు. లేదు.

కిరీటి గోడకి చేరగిలబడి ఏడ్చాడు. చైతు తల దించుకుని కూర్చున్నాడు. సుధీంద్ర భుజం మీద చెయ్యేసి, "నీలం గేటువాడు పట్టుకుపోయాడేమోరా..." అన్నాడు. నవ్వించడానికే అన్నాడనుకున్నాడు కిరీటి.

నవ్వొచ్చే పరిస్థితి కాదది. వాడికి ఇదే ఆఖరు ఛాన్సు. తండ్రి సదాశివరావుగారు కేంద్ర ప్రభుత్వంలో గుమాస్తా. నాగపూర్ బదిలీ అయినప్పుడు, ఈ ఊళ్లోనే జనక్‌పురిలో ఉన్న ఇల్లు ఖాళీ చేస్తూ ఒక్కటే మాట చెప్పారు. "ఈ ఏడాది వరకే. రాకపోతే వచ్చి బీయస్సీలో చేరు." ఆయన రెండోసారి చెప్పే మనిషి కాదు.

కరెంటు కోతలు ఎక్కువైపోయాయి. పక్క పేట జియా సరాయ్‌లో ఒక సీనియర్ గదిలో ఎమర్జెన్సీ లైటుందని, రాత్రుళ్లు సుధీంద్ర, చైతు అక్కడికి చదువుకోడానికి వెళ్లేవాళ్లు. "నువ్వూ రారా అందును గానీ, ముగ్గురికి చోటు చాలదు" అన్నాడు సుధీంద్ర. కిరీటి సరేనన్నాడు. కొవ్వొత్తి వెలుగులో, పోయిన నాలుగు వందల పేజీల్ని జ్ఞాపకం మీద మళ్లీ రాసుకుంటూ కూర్చునేవాడు. సగం వచ్చేది. సగం వచ్చేది కాదు.

అలా ఎనిమిది రాత్రులు గడిచాయి.

తొమ్మిదో రాత్రి కిరీటి ఎస్టీడీ బూత్‌కి వెళ్లాడు. పదకొండు దాటితే ఛార్జీ తక్కువ కదా, ఇంటికి ఫోన్ చెయ్యడం ఎప్పుడూ ఆ వేళకే. మొదటి రింగుకే తల్లి ఎత్తింది.

"గొంతు అలా ఉందేం నాన్నా? కడుపులో ఏమైనా బాగాలేదా?"

"బాగానే ఉన్నానమ్మా."

రిజిస్టరు పోయిందని చెప్పలేకపోయాడు. పెట్టేశాడు.

తిరిగి వస్తుంటే కరెంటు పోయింది. ఒక్కసారిగా గల్లీ మొత్తం నల్లబడింది. కూలర్ల హోరు ఆగిపోయేసరికి వాడి చెప్పుల చప్పుడు వాడికే పెద్దగా వినిపించింది. గోడ తడుముకుంటూ నడిచాడు. పుస్తకాల కొట్లు దాటాడు... నీలం గేటు దగ్గరికి వచ్చాడు. అక్కడ రోజూ చేసినట్టే తల వంచుకుని అడుగు పెంచాడు.

పైన ఎవరో చదువుతున్నారు.

కిరీటి ఆగిపోయాడు. గాలేమో అనుకున్నాడు. గాలి లేదు... ఆకు కూడా కదలడం లేదు. సన్నటి గొణుగుడు... ఆగి ఆగి... బట్టీ పట్టేవాడి గొంతులా.

"ఒకటి... తాయారమ్మత్త... వాసన..."

వాడు తల పైకెత్తాడు.

తాయారమ్మత్త వాడి మేనత్త. పక్కింట్లో ఏం కూర వండుతున్నారో వీధిలోంచే చెప్పగలదు. అందుకే మొదటి నరం, వాసన చూసే నరం, ఆవిడ పేరు మీద రాశాడు. ఈ సంగతి లోకంలో ఎవరికీ తెలీదు. ఎవరికీ చెప్పలేదు.

"రెండు... తాతయ్య... చూపు..."

నిజమే అన్నమాట! పట్టుకుపోయింది... చచ్చిపోయినవాడు తన రిజిస్టరు పట్టుకుపోయి, తన తాతనీ తన అత్తనీ బట్టీ పడుతున్నాడు. కాళ్లు పారిపొమ్మన్నాయి. నాలుగడుగులు వేశాడు కూడా. మళ్లీ ఆగాడు.

పన్నెండు రోజులు. నాలుగు వందల పేజీలు.

వాడికి ఆ క్షణంలో వచ్చిన ఆలోచన వింటే ఎవరికైనా నవ్వొస్తుంది, నాకు మాత్రం రాదు. వెళ్లి అడుగుదాం అనుకున్నాడు. దెయ్యమైతేనేం, వాడూ ఎంట్రన్సుకి చదివినవాడే. కాళ్లు పట్టుకుని, పన్నెండు రోజులు ఇవ్వు, పరీక్షవ్వగానే తెచ్చి ఇక్కడే పెట్టేస్తాను అంటే కాదంటాడా?

పక్కసందులోంచి మెట్లున్నాయి. రెయిలింగు లేదు. చెప్పులు విడిచి, గోడకి వీపు ఆనించి, ఒక్కో మెట్టూ ఎక్కాడు. రెండో అంతస్తు దగ్గరికొచ్చేసరికి చెమటలో తడిసి ముద్దయ్యాడు. గొంతు దగ్గరపడుతోంది.

"ఏడు... కనకయ్య మావయ్య... ముఖం... ఎప్పుడూ గంటు పెట్టుకుని ఉంటాడు..."

తర్వాత... నవ్వు.

దెయ్యాలు నవ్వుతాయని విన్నాడు గానీ, ఇలా ముక్కులోంచి గుర్రుమంటూ నవ్వుతాయని వినలేదు. ఆ నవ్వు వాడికి తెలుసు. ఏడాది బట్టి పక్కచాప మీద వింటున్న నవ్వే.

ఇంకో నాలుగు మెట్లు. తలుపు లేని గుమ్మం. లోపల ఇటుక మీద కొవ్వొత్తి. ఈ పక్క సుధీంద్ర, ఆ పక్క చైతు. మధ్యలో నల్ల అట్ట.

"చూశావా, ఇదా వీడి రహస్యం! చుట్టాలందరికీ నరాలంటగట్టాడు" అన్నాడు సుధీంద్ర, నవ్వు ఆపుకుంటూ. "కానీ గుర్తుంటోందిరా. ఛ, బాగా గుర్తుంటోంది."

"ఇచ్చేద్దాంరా సుధీ..." చైతు గొంతు పీలగా ఉంది. "రాత్రంతా కూర్చుని మళ్లీ రాసుకుంటున్నాడు. చూడలేకపోతున్నా."

"పరీక్షయ్యాక ఇద్దాం. దొరికిందని చెప్దాం."

"జిరాక్స్ తీసుకుని ఇచ్చేస్తే పోయేదిగా."

"వాడి దగ్గరా ఉంటే ఇంక మనకేం లాభంరా?"

కిరీటి గోడని పట్టుకున్నాడు. దెయ్యమే అయితే ఎంత బాగుండును అనుకున్నాడు. దెయ్యమైతే ఇచ్చేదేమో. తనతో కలిసి చెత్తబుట్టలో చేతులు పెట్టి వెతికినవాడు, భుజం మీద చెయ్యేసినవాడు... దొంగిలించింది ఒక ఎత్తు. పక్కన కూర్చుని వెతకడం ఇంకో ఎత్తు.

సుధీంద్ర పేజీ మీదికి వంగాడు. "పది... అమ్మ. గొంతు నుంచి కడుపు దాకా... ఎక్కడ ఏం బాధున్నా ఆవిడకి తెలిసిపోతుంది..." ఈసారి నవ్వలేదు. "పదకొండు... నాన్న. భుజాలు... ఏమడిగినా ఎగరేస్తాడు. పన్నెండు... పన్నెండు ఏంట్రా ఇది? టీ పడి అలుక్కుపోయింది."

"నాలుక ఉండాలి" అన్నాడు చైతు. "పేరు ఎవరిదో చూడు."

"కనబడితేగా. కొవ్వొత్తి ఇలా తే."

ఇద్దరి తలలూ దగ్గరికి చేరాయి. అప్పుడు గుమ్మం అవతలి చీకట్లోంచి... చాలా మెల్లగా... ఏడుపుతో బొంగురుపోయిన గొంతు ఒకటి చెప్పింది.

"పన్నెండు... సుధీంద్ర."

కొవ్వొత్తి దొర్లి ఆరిపోయింది. ఎవరు కెవ్వుమన్నారో తెలీదు. ఒకరి మీద ఒకరు పడుతూ, గుమ్మం పక్కన గోడకి అంటుకుపోయి నుంచున్న కిరీటిని రాసుకుంటూ, మెట్ల మీద దడదడా దిగి, గల్లీలో ఒకటే పరుగు. చెప్పులు కూడా అక్కడే వదిలేశారు.

కిరీటి లోపలికి వెళ్లి నేలంతా తడిమాడు. ఎర్ర గుడ్డ వీపు చేతికి తగిలింది. గుండెకి హత్తుకున్నాడు. సంతోషం రావాలి కదా? రాలేదు.

ఇంటివాళ్లు పదకొండు మందే కుదిరారు వాడికి. పన్నెండో నరం, నాలుకని ఆడించే నరం దగ్గరికి వచ్చేసరికి ఆలోచించనే లేదు. టైఫాయిడ్ రాత్రి తెల్లవార్లూ తనకోసం ఆడిన నాలుక ఎవరిదో వాడిని రాశాడు. చుట్టాల వరసలో, నాన్న తర్వాత.

గదికి వచ్చి రిజిస్టరు తలగడ కింద పెట్టుకుని, గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అరగంటకి వాళ్లిద్దరూ వచ్చారు. పెద్దరోడ్డు దాకా పరిగెత్తి, ఎవరో లారీవాళ్ల దగ్గర కూర్చుని వచ్చారట. చైతు తన చాప మీద ముడుచుకుపోయాడు. సుధీంద్ర చీకట్లో పాక్కుంటూ కిరీటి పక్కకి వచ్చాడు.

"కిరీటీ... రేయ్ కిరీటీ... మేలుకునే ఉన్నావా?"

"ఊఁ."

"నీలం గేటులో... ఉందిరా. నిజంగా ఉంది. నా పేరు పెట్టి పిలిచింది."

"అటెందుకు వెళ్లావు?"

సుధీంద్ర ఇంకా దగ్గరికి జరిగాడు. "జియా సరాయ్ నుంచి వస్తున్నాం కదా... దారిలో..." అన్నాడు. "నీ పక్కన పడుకోనారా? ఈ ఒక్క రాత్రికి."

కిరీటి గోడ వైపు జరిగి చోటిచ్చాడు. సుధీంద్ర తల తెచ్చి తలగడ మీద పెట్టుకున్నాడు. వాడి ఒళ్లంతా వణుకుతోంది. అలవాటు చొప్పున చెయ్యి తలగడ కిందికి పోనిచ్చాడు.

చెయ్యి ఆగింది.

వేళ్లు మెల్లగా కదిలాయి. అట్ట అంచు. మూల. గుడ్డ వీపు. అక్కడే ఆగిపోయాయి. వణుకు కూడా ఆగిపోయింది.

అప్పుడొచ్చింది కరెంటు. కూలరు భళ్లున మొదలైంది. ట్యూబ్‌లైటు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది. కిరీటి ఇటు తిరిగాడు. జానెడు దూరంలో సుధీంద్ర ముఖం. అవతల చాప మీద చైతు లేచి కూర్చుని, మోకాళ్ల మధ్య తల పెట్టుకుని ఏడవడం మొదలెట్టాడు. పరీక్షకింకా పన్నెండు రోజులుంది. ముగ్గురికీ ఉన్నది ఆ ఒక్క గదే.

కిరీటి సుధీంద్ర కళ్లలోకి చూస్తూ, వాడే చెప్తాడని ఎదురుచూశాడు.

సుధీంద్ర నోరు తెరిచాడు. పెదాలు కదిలాయి. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, వాడికి మాట రాలేదు.